పుట్టింటికి లైను

నిజామాబాద్,
సెప్టెంబరు 14

సుష్మకు,

మీ వదిన సవిత రాసేది. ఫోన్ పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వకు. దసరా సీజన్ మొదలైన రోజు నుంచి మా చీరల షాపులో పొద్దున పది గంటలకు పనివాళ్ల ఫోన్లన్నీ తీసుకుని చెక్క డబ్బాలో పెట్టి తాళం వేస్తున్నారు. మళ్లీ చేతికొచ్చేది రాత్రి పదికి. అప్పటికి నువ్వు పడుకుంటావు. పైగా ఫోన్లో మనిద్దరి మాటలు ఎట్లా మొదలై ఎట్లా ముగుస్తాయో పోయిన నెల చూశాం కదా. కాగితమైతే మధ్యలో కట్ చేయలేవు. బోధన్ మీదుగా మీ చందూర్ వచ్చే బస్సులో కండక్టర్ తారాబాయి మా గల్లీలోనే ఉంటుంది. ఆమె చేత పంపుతున్నాను, జవాబు కూడా ఆమెకే ఇవ్వు.

ఇక్కడి రష్షు ఏం చెప్పను! గాంధీ చౌక్‌లో ఆటో దిగితే షాపుకు రెండు నిమిషాల నడక. ఈ వారం ముప్పావు గంట పడుతోంది. బండి వెనక బండి, మధ్యలో అడ్డంగా బంతిపూల ట్రాలీ, అందరూ హారన్ కొట్టేవాళ్లే, కదిలేవాడు ఒక్కడూ లేడు. షాపులో మూడు లైన్లు. లోపలికి రావడానికి ఒకటి, బిల్లుకు ఒకటి, ఫాల్ కుట్టించుకోవడానికి ఒకటి. నిన్న ఒకామె నా చేత నలభై చీరలు విప్పించి, "గివన్ని నిరుడు సూసినయే గదమ్మా" అని లేచి వెళ్లిపోయింది. నవ్వుతూ మడతలు పెట్టాను. నవ్వకపోతే సూపర్‌వైజర్ ఊరుకోడు.

అసలు సంగతి. ఇరవై తొమ్మిది మధ్యాహ్నం నుంచి నాకు ఒకటిన్నర రోజు సెలవు దొరికింది. పదకొండు మంది అడిగితే చీటీలు వేశారు, నా పేరు వచ్చింది. మహేందర్‌ను బండి మీద పంపు. ముప్పై నాడు, పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ మన ఇంటి ముందే ఆడతాను, ఎప్పటిలాగే.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. నిన్న మహేందర్ మా షాపుకు వచ్చాడు. నేను పై అంతస్తులో ఉంటాను కదా, మెట్ల మీద నుంచి చూశాను. చేతిలో ముదురాకుపచ్చ చీర పట్టుకుని బిల్లు లైన్లో రెండు గంటలు నిలబడ్డాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా తల తిప్పుకున్నాడు. చిన్నప్పుడు రేషన్ చక్కెర లైన్లో ఐదు నిమిషాలు నిలబడరా అంటే నా చేతికి సంచి ఇచ్చి పారిపోయిన తమ్ముడు వీడు. పెళ్లాం చీరకు రెండు గంటలు! నాకు కుళ్లు పుట్టింది, దాచుకోవడమెందుకు. అక్కకు ఏ పండక్కీ జాకెట్ ముక్క కొన్న పాపాన పోలేదు. కట్టుకో. ఆ రంగు నీకు బాగుంటుంది. బాగుంటుందనే నా బాధ.

నీ వదిన,
సవిత


చందూర్,
సెప్టెంబరు 16

సవిత వదిన గారికి నమస్కారములు.

మీ ఉత్తరం తారాబాయి బస్సు ఆపించి మరీ ఇచ్చింది. "మీ ఆడబిడ్డ రాసింది, జల్ది సదివి జవాబియ్యి" అని అరిస్తే బస్సులో వాళ్లందరూ కిటికీల్లోంచి నన్ను చూశారు.

మీరు చెప్పిన చీర నా దగ్గరకు రాలేదు. బీరువాలో వెతికాను, బియ్యం డ్రమ్ము వెనకాల వెతికాను, బండి డిక్కీ కూడా చూశాను. ఆయనను అడిగితే "యే చీర?" అన్నాడు. అక్క షాపులో కొన్న చీర అక్క ఇంటికి పోక ఎక్కడికి పోతుంది? తీసుకున్నది తీసుకుని, నాకు బాగుంటుందని రాయడం ఎందుకు? ఆడబిడ్డ అర్ధ మొగుడని పెద్దలు ఊరికే అనలేదు.

పెళ్లయిన తొమ్మిదేళ్లలో మీ తమ్ముడు నా కోసం ఒక్క లైన్లో నిలబడలేదు. యూరియా లైన్లో నా చెప్పులు వరుసలో పెట్టి ఎండలో కూర్చున్నది నేను. రేషన్ కార్డుకు వేలిముద్ర వేయడానికి రెండు రోజులు తిరిగింది నేను. ఆయనకు లైన్లు పడవు, కాళ్లు గుంజుతాయట. మీ షాపులో మాత్రం గుంజలేదు.

ఇంకో మాట. ఈ ఏడు సద్దులకు నేను మెండోర పోతున్నాను. పుట్టింట్లో సద్దుల బతుకమ్మ ఆడి తొమ్మిదేళ్లయింది. ప్రతి ఏడూ మీరు ఇక్కడికి వస్తారు. ఆడబిడ్డ వస్తే ఇంట్లో కోడలు ఉండాలి, బొట్టు పెట్టాలి, నైవేద్యానికి సద్దుల అన్నాలు కలపాలి, ఒడిబియ్యం పోయాలి. మీరు వెళ్లాక నేను పోతే అక్కడ ఏముంటుంది, గోదావరిలో కలిపిన పూలు తప్ప? మా తమ్ముడు రంజిత్ శ్రావణంలోనే ఫోన్ చేసి "ఈసారన్న సద్దులకు రా అక్కా" అన్నాడు. అప్పుడే ఆయనకు చెప్పాను. "సరే" అన్నాడు. సరే అన్నాక ఇంకేముందిలే అనుకున్నాను.

మీరు దసరా అయ్యాక రండి. అప్పుడు రష్షు కూడా ఉండదు.

ఇట్లు,
సుష్మ మహేందర్


నిజామాబాద్,
సెప్టెంబరు 19

సుష్మకు,

"మీరు" అన్నావు, "గారు" అన్నావు, "నమస్కారములు" కూడా పెట్టావు. నీకు ఒళ్లు మండితే ఆఫీసు కాగితాల భాష వస్తుందని నాకు తెలుసు.

ముందు చీర సంగతి. నిన్న మహేందర్‌ను పిలిపించి మా షాపు ముందు చాయ్ బండి దగ్గర నిలబెట్టి అడిగాను. "అక్కా, గది హన్మాండ్లు పెండ్లానిది" అన్నాడు. మీ పక్క పొలం హన్మాండ్లు మూడు రోజులు మీ మడికి నీళ్లు కట్టాడట. దానికి బదులు వాళ్లింటావిడ చీర లైన్లో వీడు నిలబడాలట. "ఆయనకు షాపులల్ల జనం అంటే పడది, నాకు నడుము నొస్తుంది. పనులు మార్సుకున్నం" అన్నాడు. మనిద్దరం ఇన్ని రోజులుగా హన్మాండ్లు భార్య చీర మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాం! చాయ్ పొలమారేంత నవ్వాను.

"మరి నన్ను చూసి తల ఎందుకు తిప్పుకున్నవురా?" అంటే, "సద్దుల ముచ్చట అడుగుతవని భయమైంది" అన్నాడు. అక్కడ నా నవ్వు ఆగిపోయింది. పోయిన నెల నాతో కూడా సరే అన్నాడు సుష్మా. నిన్ను మెండోర పంపడానికి సరే, నన్ను చందూర్ తేవడానికీ సరే.

దసరా అయ్యాక రమ్మని రాశావు. దసరా అయ్యాక నాకు సెలవు లేదు, దీపావళి స్టాకు దిగుతుంది. ఉన్నా, పూలు లేని రోజున పుట్టింటికి వచ్చి ఏం చేయను? నీకు పనికిరానిది నాకు పనికొస్తుందా?

నీ మీద నాకున్న కుళ్లు చీరది కాదు. నీకు అమ్మ ఉంది. రా అక్కా అని ఫోన్ చేసే తమ్ముడున్నాడు. నన్ను కన్న అవ్వ పోయి మూడేళ్లయింది, అప్పటి నుంచి నాకు పుట్టిల్లంటే నువ్వు తలుపు తీస్తేనే. ఇక్కడ మా ఆయన భాస్కర్ పండుగ పది రోజులూ క్యాటరింగ్ వంటల వెంట తిరుగుతాడు. కొడుకు హైదరాబాద్‌లో కోచింగ్. మా గల్లీలో బతుకమ్మ ఆడతారు, కానీ కిరాయికి ఉన్నవాళ్లం వెనక నిలబడాలి, ఎవరూ అనరు గానీ అందరికీ తెలుసు. మన ఇంటి ముందు పళ్లెంలో మొదటి పువ్వు నేను పెడతాను. సంవత్సరానికి నాకు దక్కేది ఆ ఒక్క పూట. దానికీ అడ్డం పడతావా?

సవిత


చందూర్,
సెప్టెంబరు 22

వదినా,

నిన్న మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మకు హన్మాండ్లు భార్య ఆ చీరే కట్టుకొచ్చింది. నేనూ నవ్వుకున్నాను. నిజం చెప్పాలంటే ఆమె మీద కూడా కుళ్లు పుట్టింది. చీర బాగుంది.

మొదటి పువ్వు అని రాశావు. అది నువ్వే పెడతావు, కాదనను. పొద్దున్నే పోయి ఆ తంగేడు తెంపుకొచ్చేది ఎవరు? గునుగుకు రంగులద్ది ఆరబెట్టేది ఎవరు? సాయంత్రం నువ్వు తయారై వచ్చేసరికి నడుము పట్టేసి గోడకు ఆనుకుని కూర్చునేది ఎవరు? తొమ్మిదేళ్లలో ఒక్కనాడు అనలేదు. నువ్వే ఎత్తావు కాబట్టి అంటున్నాను.

ఆయనను కూర్చోబెట్టి అడిగాను. "ఇద్దరికి సరే అన్నవట?" అంటే, "ఇద్దరు అడిగిండ్రు గద" అన్నాడు. అట్లాంటి మనిషిని ఏం చేస్తాం?

అందుకని నేనే ఒక దారి ఆలోచించాను. ఇరవై తొమ్మిది పొద్దున ఆయన నన్ను నిజామాబాద్ బస్టాండ్‌లో దింపుతాడు. మధ్యాహ్నం నిన్ను ఎక్కించుకుని ఇక్కడికి తెస్తాడు. రానూ పోనూ ఒకే పెట్రోలు. సద్దులకు కావలసినవన్నీ సిద్ధం చేసి పెడతాను. నువ్వుల పొడి కొట్టి ఉంటుంది, మలీదకు బెల్లం తురిమి ఉంటుంది. తంగేడు తెమ్మని పక్కింటి హన్మవ్వకు చెప్పాను. తాళం చెవి కూడా ఆమె దగ్గరే పెడతాను, ఆయనకు ఇస్తే పొలంలో పారేస్తాడు. హాయిగా ఆడుకో. నన్ను మాత్రం ఆపకు. ఈ ఒక్క ఏడు.

నీ సుష్మ


నిజామాబాద్,
సెప్టెంబరు 25

సుష్మా,

మూడు రోజులు జవాబు రాయలేదు. రష్షు వల్ల అని అబద్ధం చెప్పను. తాళం చెవి వల్ల. నేను పుట్టిన ఇంటి తాళం నేను హన్మవ్వను అడిగి తీసుకోవాలా? ఆమె చెవి ఇస్తూ "అయ్యో, సుష్మ లేదా?" అంటుంది. వాడకట్టు మొత్తం అదే మాట అంటుంది. ఆడబిడ్డ వస్తుందని తెలిసి కోడలు తాళం వేసుకుని పోయిందని చెప్పుకుంటారు. నువ్వు అనుకుని చేసినా, అనుకోక చేసినా నా మొహాన తలుపు వేసినట్టే. నేను రాను. నా సెలవు చీటీ కింది అంతస్తులో పిల్ల ఎవరో ఏడుస్తుంటే ఇచ్చేస్తున్నాను.

నువ్వు పో. సంతోషంగా పో. కడుపులో లేనిది కావలించుకుంటే రాదంటారు, కాబట్టి సంతోషంగా అన్నది మాటవరసకు రాశాను.

పోయేదానివి తెలివిగా పో. పొద్దున ఏడు లోపల బస్టాండ్‌లో ఉండు. ఆర్మూర్ బస్సు ప్లాట్‌ఫాం మీదికి రాకముందే, లోపలికి మలుపు తిరిగేటప్పుడే జనం వేలాడతారు. నువ్వు కిటికీ వైపు పరుగెత్తి సీట్లో దస్తీ వెయ్యి. చున్నీ వేయకు, పోయినేడు ఒకామెకు సీటూ దక్కలేదు, చున్నీ దక్కలేదు. దస్తీ మీద ఏదైనా బరువు పెట్టు. ఆడవాళ్ల ఫ్రీ టికెట్‌కు ఆధార్ కార్డు చేతిలోనే పట్టుకో, సంచిలో పెడితే కండక్టర్ వచ్చేసరికి చెయ్యి కదిలించే జాగా ఉండదు. నీళ్లు తక్కువ తాగు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో నాకే తెలియదు. నీకు సీటు దొరకక వెనక్కి రావాలని నిన్నంతా అనుకుంటూ చీరలు మడతపెట్టాను.

సవిత


మెండోర,
సెప్టెంబరు 30

వదినా,

ఈ ఉత్తరం రంజిత్ రేపు ఆర్మూర్‌లో నిజామాబాద్ బస్సు కండక్టర్‌కు ఇస్తాడు. తారాబాయికి చేర్చమని చెప్పించాను. ఫోన్ చేయలేను. ఇంటినిండా మనుషులున్నారు, ఈ మాట వాళ్ల ముందు మాట్లాడేది కాదు.

నిన్న ఐదింటికే బయలుదేరాం. బోధన్ దాటేదాకా బాగానే ఉంది, ఆ తర్వాత రోడ్డంతా ఆటోలు, పూలమూటలు. బస్టాండ్‌లో మూడు బస్సులు నా కళ్ల ముందే నిండిపోయాయి. నాలుగో దానికి నువ్వు చెప్పినట్టే కిటికీలోంచి దస్తీ వేసి, దాని మీద టిఫిన్ డబ్బా పెట్టాను. తోసుకుని ఎక్కేసరికి నా సీట్లో ఒకామె కూర్చుని ఉంది, నా డబ్బా ఒళ్లో పెట్టుకుని. "పడిపోతదని పట్టుకున్న చెల్లె" అంది. ఆర్మూర్ దాకా నిలబడే ఉన్నాను. అక్కడ పూల బజారు మూలాన బస్సు గంటన్నర కదల్లేదు. ఆ తర్వాత ఆటోలో పద్నాలుగు మంది. చందూర్‌లో ఎక్కినదాన్ని మెండోరలో దిగేసరికి రెండయింది. జడ ఊడిపోయింది, ఒక చెప్పు తెగింది. అయినా వదినా, మా వీధి మలుపు తిరిగేటప్పుడు చిన్నపిల్లలా ఉరికాను.

ఇంటి ముందు ఒక బండి ఉంది. లోపల రంజిత్ భార్య ధనలక్ష్మి వాళ్ల అన్న కూర్చుని చాయ్ తాగుతున్నాడు. తలుపు పక్కన సర్దిన సంచి. ధనలక్ష్మి తలంటు పోసుకుని, ప్రయాణపు చీర కట్టుకుని ఉంది. మా అమ్మ "వచ్చినవా బిడ్డా!" అని నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ చేతుల సందులోంచి ధనలక్ష్మి మొహం చూశాను. ఒక్క క్షణం. వెంటనే నవ్వింది. "రా వదినా, కాళ్లకు నీళ్లు తెస్త" అంది. వాళ్ల అన్నతో, "నువ్వు పో అన్నా. వదినొచ్చింది గద, దసరా అయినంక వస్త" అంది. ఆయన చాయ్ సగంలోనే పెట్టి లేచాడు.

రంజిత్‌ను పక్కకు పిలిచి అడిగాను. "ఆమెక్గూడ సరే అన్న అక్కా. గింత రష్షుల నువ్వేడ వస్తవనుకున్న" అన్నాడు.

ఆమె సంచి విప్పి చీరలు తిరిగి దండెం మీద వేస్తోంది. బండి ఇంకా మూల మీదే ఉంది, పిలిస్తే ఆగుతుంది. "నువ్వు పో ధనలక్ష్మీ, అమ్మను నేను చూసుకుంట" అంటే అయిపోయేది. అనలేదు. ఇన్ని గంటలు నిలబడి వచ్చాను, తొమ్మిదేళ్లు ఆగి వచ్చాను, నా పూట నేనెందుకు ఇవ్వాలి అనిపించింది. అమ్మ పక్కన ఆమె లేకుండా నేనొక్కదాన్నే ఉండాలని కాదు, ఆమె నాకు సద్దులు కలిపి పెట్టాలని అనిపించింది. నాకు ఒకరు పెట్టాలని.

పెట్టింది. ఇవాళ పువ్వులన్నీ తనే తెచ్చి, మొదటిది నా చేతికిచ్చింది. రోజంతా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్లు నేను నవ్విందే.

ఒకటి అడుగుతాను, నిజం రాయి. నువ్వు వచ్చినప్పుడల్లా నా మొహం నీకు కనపడేదా?

సుష్మ


నిజామాబాద్,
అక్టోబరు 3

సుష్మా,

సీజన్ అయిపోయింది, ఫోన్లు ఇచ్చేశారు. నాది ఒళ్లోనే ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నోటితో అయితే నేను అబద్ధం చెబుతాను.

నేను చందూర్ పోయాను. సెలవు చీటీ ఇచ్చేస్తున్నానని రాశాను గానీ ఇవ్వలేదు, జాకెట్‌లో దోపుకుని తిరిగాను. ఇరవై తొమ్మిది మధ్యాహ్నం మహేందర్ షాపు లోపలికి వచ్చే లైన్లో గంటన్నర నిలబడి నా కౌంటర్ దాకా వచ్చాడు. "తాళం ఎయ్యలే అక్కా. తలుపు తీసే పెట్టిన" అన్నాడు. సంచి తీసుకుని బండెక్కాను. ఊరు దాటడానికే గంట పట్టింది.

తలుపు తీసే ఉంది. గుమ్మంలో బొట్టు పెట్టేవాళ్లు లేరు. వంటింట్లో నీ డబ్బాలన్నిటి మీద కాగితాలు అంటించి ఉన్నాయి, నువ్వులు, బెల్లం, యాలకులు అని. ఒళ్లు మండింది. నేను తిట్టుకోవడానికి ఒక్కటైనా మిగల్చకుండా అంత బాగా సర్దిపెట్టి పోవడమేమిటి? బతుకమ్మ నేనే పేర్చాను. మూడుసార్లు ఒరిగిపోయింది. హన్మవ్వ వచ్చి నిలబెట్టింది. "సుష్మ చెయ్యి పడితే గిట్ల వంగది" అంది. నిజమే కాబట్టి ఇంకా మండింది.

ధనలక్ష్మిని పంపవలసింది అని చెప్పే ముఖం నాకు లేదు. నువ్వు అడిగినదానికి జవాబు మాత్రం రాస్తాను.

కనపడేది. నీ పెళ్లయిన మొదటి ఏడు నేను ఆటో దిగి లోపలికి వస్తే, మంచం మీద నీ పెట్టె సగం సర్ది ఉంది. అవ్వ గబగబా దాని మీద దుప్పటి కప్పింది. నువ్వు గోడ దిక్కు తిరిగి కళ్లు తుడుచుకున్నావు. మీ తమ్ముడు ఆ పూట వచ్చి, నేను వస్తున్నానని తెలిసి వెళ్లిపోయాడని అవ్వ తర్వాత చెప్పింది. చెప్పక ముందే నాకు తెలుసు. అయినా చెప్పులు విప్పి, "నీళ్లియ్యి సుష్మా" అని మంచం మీద, ఆ పెట్టె పక్కనే కూర్చున్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ ముందు నీ మొహమే చూశాను సుష్మా. చూసి కూడా, ప్రతి ఏడూ సంతోషంగానే ఆడాను.

సవిత